వేడి మీద స్టార్ట్ అవ్వని 280ఇ: ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్ పోయిందంటున్నారు, నిజమేనా?

కోటదగ్గర_280
మా మామగారి బండి. 1983 మెర్సిడెస్ 280ఇ, డబ్ల్యూ123 బాడీ, ఆరు సిలిండర్లు, మాన్యువల్ గేరు. ఆయన ఇంగ్లండులో డాక్టరుగా చేసి 1985లో తిరిగొచ్చేటప్పుడు ఓడలో తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో విజయనగరంలో ఈ బండి వస్తోందంటే గంటస్తంభం దగ్గర జనం ఆగి చూసేవారట. ఆయన పోయాక ఆరేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. రెండేళ్ల కిందట నేను బయటికి తీశాను. ట్యాంకు కడిగించాను, ఫిల్టరు మార్పించాను, రబ్బరు పైపులు, పెట్రోల్ పంపు కొత్తవి వేయించాను.

ఇప్పుడు సమస్య ఏంటంటే, పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే అందుకుంటుంది. విశాఖ దాకా కిమ్మనకుండా వెళ్తుంది. దారిలో ఆపి టీ తాగి ఇరవై నిమిషాలకు వచ్చామా, ఇక స్టార్ట్ అవ్వదు. ఇరవై సెకన్లు సెల్ఫ్ కొడితే వణుక్కుంటూ లేస్తుంది, నిమిషం పాటు మిస్సింగ్ కొట్టి సర్దుకుంటుంది. పూర్తిగా చల్లారితే మళ్లీ మామూలే. మొన్న రామతీర్థం పెళ్లికి తీసుకెళ్తే వచ్చేటప్పుడు పెళ్లికొడుకు తమ్ముళ్లు నలుగురు తోశారు.

ఒక గ్యారేజీలో చూపించాను. ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్ (సిలిండర్లకి పెట్రోల్ పంచే భాగం) పోయింది, లక్ష పైన అవుతుంది, లేదంటే ఈ ఇంజెక్షన్ అంతా పీకేసి కార్బురేటర్ పెట్టేద్దాం అన్నారు. ప్రెషర్ గేజీ పెట్టి చూశారా అని అడిగితే అనుభవం మీద చెబుతున్నాం అన్నారు. కార్బురేటర్ మాట చెవిన పడ్డాక మా అత్తగారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఏం చేయమంటారు?

పద్మిని_బాబాయ్
వాళ్లు చెప్పినదాంట్లో తప్పేముంది? నా పద్మిని 1988ది. కార్బురేటర్ విప్పి, పెట్రోల్‌లో కడిగి, జెట్లు ఊది బిగిస్తే గంటలో రోడ్డు మీద ఉంటాను. చీపురుపల్లి దగ్గర ఆగిపోతే చీపురుపల్లిలోనే బాగవుతుంది. నీ జర్మన్ సామాను బాగు చేసేవాడు ఈ రెండు జిల్లాల్లో ఎవడున్నాడు?

డీజిల్_దొర
నాదీ డబ్ల్యూ123నే, 240డి. సెల్ఫ్ కొట్టు, లేస్తుంది, వెళ్లు. బాబాయ్ కార్బురేటర్ వేయమంటున్నాడు, నేను డీజిల్ ఇంజిన్ వేయమంటాను, ఇంకొకరు వచ్చి ఎద్దులు కట్టమంటారు 😄

రాజాం_రెంచి
కార్బురేటర్ వద్దన్నా. ఆ ఇంజిన్‌కి ఆ ఇంజెక్షనే అందం. గేజీ పెట్టకుండా డిస్ట్రిబ్యూటర్ పోయిందన్నవాడి మాట పట్టుకుని ఒక్క నట్టు కూడా విప్పకు. నాగావళి మాస్టారు వచ్చేదాకా ఆగు.

నాగావళి_నాజిల్
వచ్చాను. ముప్పై ఏళ్లు పంపులు, నాజిళ్లు బాగు చేసిన చేతులివి, అందులో సగం విశాఖలో ఇలాంటి బళ్ల మీదే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు బాబూ.

చల్లగా ఒక్క తిప్పుకే లేచి, హైవే మీద ఇబ్బంది లేకుండా లాగే బండికి డిస్ట్రిబ్యూటర్ పోయిందంటే నేను ఒప్పుకోను. నీది బాష్ కంపెనీ కే-జెట్రానిక్ ఇంజెక్షన్. ఇందులో కంప్యూటరు లేదు. ఇంజిన్ పీల్చే గాలి ఒక గుండ్రటి పళ్లేన్ని లేపుతుంది. ఆ పళ్లేనికున్న చేయి డిస్ట్రిబ్యూటర్‌లోని సన్నటి ప్లంజర్‌ని పైకి తోస్తుంది. ప్లంజర్ ఎంత లేస్తే చీలికల్లోంచి ఆరు సిలిండర్లకూ అంత పెట్రోల్. ఇంజిన్ నడిచినంతసేపూ ఇంజెక్టర్లు ఆగకుండా చిమ్ముతూనే ఉంటాయి. పేరులో 'కే' అన్నది జర్మన్‌లో ఎడతెగకుండా అనే మాటకు మొదటి అక్షరం.

ఇక నీ రోగం. పంపు ఇచ్చే ప్రెషర్ 5 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) చుట్టుపక్కల ఉంటుంది. ఇంజెక్టర్ 3.5 బార్ దగ్గర తెరుచుకుంటుంది. ఇంజిన్ ఆపగానే లైన్లో ప్రెషర్ ఆ 3.5 కిందికి దిగి అక్కడ నిలబడాలి. అరగంట తర్వాత చూసినా 2.5 దగ్గర ఉండాలి. ఎందుకంటే ఇంజిన్ ఆపాక వేడంతా పైపుల్లోకి ఎక్కుతుంది. లోపల ప్రెషర్ ఉన్నంతసేపూ పెట్రోల్ పెట్రోల్‌గానే ఉంటుంది, అది పోతే ఆవిరైపోతుంది. నువ్వు సెల్ఫ్ కొట్టే ఆ ఇరవై సెకన్లూ పంపు ఆవిరిని తోసి మళ్లీ పెట్రోల్ నింపుతోంది. పొద్దున్నైతే పైపులు చల్లగా ఉంటాయి, పైగా చలి స్టార్టుకు ప్రత్యేకంగా ఉన్న వాల్వు అదనంగా పెట్రోల్ చిమ్ముతుంది, అందుకే నీకు తేడా తెలియడం లేదు.

ప్రెషర్ ఎక్కడ కారుతోంది? పంపు మూతి దగ్గర పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వు కావచ్చు. వెనక యాక్సిల్ దగ్గర పంపు పక్కనే ఉండే, ప్రెషర్ నిల్వ ఉంచే అక్యుమ్యులేటర్ కావచ్చు. డిస్ట్రిబ్యూటర్ పక్కన బిగించిన ప్రెషర్ రెగ్యులేటర్‌లోని చిన్న రబ్బరు ఓ-రింగ్ కావచ్చు. ఇంజెక్టర్లు, లేదా ఆ చలి స్టార్ట్ వాల్వు చుక్కలు కారుస్తూ ఉండొచ్చు. వీటిలో ఏదీ లక్ష రూపాయల సరుకు కాదు. ఏది కారుతోందో గేజీ చెబుతుంది.

కోటదగ్గర_280
మాస్టారూ, ఇది మా అత్తగారికి చదివి వినిపించాను. 'ఈయన్ని భోజనానికి పిలువు' అన్నారు.

మహారాణిపేట_ఈసీయూ
మాస్టారి మీద గౌరవంతోనే నా మాటా చెబుతాను. కే-జెట్రానిక్ వచ్చి యాభై ఏళ్లు దాటింది, సామాను దొరకడం ఏటికేడాది కష్టమవుతోంది. ఇంజెక్టర్ రంధ్రాలు ఎలాగూ ఉన్నాయి. వాటిలోకి ఎలక్ట్రానిక్ ఇంజెక్టర్లు దింపి, థ్రాటిల్ సెన్సరు, క్రాంక్ సెన్సరు, ఒక ప్రోగ్రామ్ చేసుకునే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) పెట్టుకుంటే మిక్చర్ ల్యాప్‌టాప్‌లో సెట్ చేసుకోవచ్చు. నేను ఒక పాత బీఎండబ్ల్యూకి చేశాను, మూడేళ్లుగా చక్కగా తిరుగుతోంది.

రాజాం_రెంచి
చేయొచ్చన్నా, కాదనను. కానీ పళ్లు నొప్పంటే దవడ మార్చినట్టుంది. ముందు నొప్పి ఏ పన్నుకో చూడాలి కదా.

సాలూరు_లారీ
ఈ గొడవంతా ఎందుకు, మిక్చర్ స్క్రూ కాస్త తిప్పి చూడొచ్చు కదా? కాస్త రిచ్ చేస్తే, అంటే పెట్రోల్ పాలు పెంచితే, వేడి మీద కూడా అందుకుంటుందేమో.

నాగావళి_నాజిల్
తిప్పొద్దు! ఈ బళ్లు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. ఒకచోట కారుతున్న లోపానికి ఇంకోచోట స్క్రూ తిప్పితే రెండు లోపాలవుతాయి. కే-జెట్రానిక్‌లో మిక్చర్‌ని నడిపేది కంట్రోల్ ప్రెషర్. అది ప్లంజర్ నెత్తిన కూర్చుని కిందికి నొక్కుతుంది. తక్కువైతే ప్లంజర్ సులువుగా లేచి రిచ్ అవుతుంది, ఎక్కువైతే లీన్, అంటే పెట్రోల్ తగ్గుతుంది. చలిలో తక్కువగా ఉంచి, ఇంజిన్ వేడెక్కే కొద్దీ 3.5 దాకా పెంచే పని వార్మప్ రెగ్యులేటర్‌ది. లోపలున్న రెండు లోహాల పట్టీని కరెంటు వేడి చేస్తుంది, అది వంగే కొద్దీ ప్రెషర్ పెరుగుతుంది. దానికి కరెంటు అందకపోతే బండి ఎప్పటికీ చలిలో ఉన్నట్టే పెట్రోల్ తాగుతుంది. స్క్రూ చెయ్యి వేసే ముందు ఆ ప్లగ్గులో 12 వోల్టులు వస్తున్నాయా అని మల్టీమీటర్ పెట్టి చూడాలి.

పద్మిని_బాబాయ్
చూశారా, ఇన్ని ఉన్నాయి. నా బండిలో చోక్ అని ఒక తీగ ఉంది. లాగితే చలి, వదిలితే వేడి.

టెక్కలి_టీచరమ్మ
బాబాయ్ గారూ, మా నాన్నగారి 1997 దేవూ సియెలో కూడా ఇంజెక్షనే, నేనే చూసుకుంటున్నాను, భయపడాల్సినంత లేదు. పోయిన ఏడు నల్ల పొగ, పెట్రోల్ వాసన, మైలేజీ సగానికి పడిపోయింది. ఇద్దరు మెకానిక్కులు ఇంజెక్టర్లు మార్చమన్నారు. సియెలోలో డ్యాష్ కింద 12 కాళ్ల సాకెట్ ఉంటుంది. అందులో ఏ, బీ కాళ్లని చిన్న వైరుతో కలిపి కీ ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ లైటు మినుకు మినుకుమంటూ అంకెలు చెబుతుంది. ముందు 12 కొడుతుంది, అంటే వ్యవస్థ మాట్లాడుతోందని. తర్వాత 15 కొట్టింది. 15 అంటే కూలెంట్ సెన్సర్ సిగ్నల్. విప్పి చూస్తే సెన్సర్ బాగానే ఉంది, దాని వైరు ప్లగ్గు దగ్గర ఎండి విరిగిపోయింది. వైరు తెగితే ఈసీయూకి ఇంజిన్ మంచు గడ్డలా అనిపిస్తుంది, పెట్రోల్ కుమ్మరిస్తుంది. వైరు ముక్క, సోల్డరింగ్, అంతే ఖర్చు.

బొబ్బిలి_జిప్సీ
టీచర్ గారూ, సియెలో సామాను ఎక్కడ తెస్తున్నారు? కంపెనీయే మూతపడింది కదా.

టెక్కలి_టీచరమ్మ
ఇక్కడ మూతపడింది కానీ ఉజ్బెకిస్తాన్‌లో ఇదే కారు నెక్సియా పేరుతో 2016 దాకా తయారైంది. మూలం ఒపెల్ కాడెట్. కాబట్టి ఇంజిన్ సామాను ఒపెల్ పేరుతోనో నెక్సియా పేరుతోనో వెతికితే దొరుకుతుంది. పార్టు మీద ఉన్న నంబరు చూసి వెతకాలి, కారు పేరు చెప్పి అడిగితే షాపులో లేదనే అంటారు.

బొబ్బిలి_జిప్సీ
మా మారుతి వాళ్లకూ అదే దారి. ఎస్టీమ్ ఎంపీఎఫ్ఐ (ఈసీయూతో నడిచే ఇంజెక్షన్) ఇంజిన్ జీ13బీబీ, జిప్సీ కింగ్‌దీ అదే. ఎస్టీమ్ ఎప్పుడో ఆగినా జిప్సీ ఆ తర్వాత చాలా ఏళ్లు వచ్చింది, మిలిటరీ వాడింది, అందుకే సెన్సర్లు, ఇంజెక్టర్లు ఇంకా దొరుకుతున్నాయి. ఎస్టీమ్ ఉన్నవాళ్లు జిప్సీ పేరుతో అడగండి.

కోటదగ్గర_280
ఇక్కడ డీజిల్ పంపు షాపు ఒకటి ఉంది. నాజిల్ టెస్టర్ ఉంది, ఇంజెక్టర్లు తెస్తే చూస్తాం అంటున్నారు. ఇవ్వనా?

నాగావళి_నాజిల్
వద్దు. డీజిల్ నాజిల్ 100 బార్ పైన తెరుచుకుంటుంది, ఆ టెస్టర్ గేజీ 400 దాకా ఉంటుంది. నీ ఇంజెక్టర్ 3.5 దగ్గర తెరుచుకుంటుంది. ఆ గేజీ మీద ముల్లు కదిలినట్టు కూడా కనిపించదు. టెస్టర్‌లో మిగిలిన డీజిల్ నూనె నీ ఇంజెక్టర్‌లోకి వెళ్తుంది, అదొకటి.

అలాగే ఎంపీఎఫ్ఐ ఇంజెక్టర్లు కడిగే అల్ట్రాసోనిక్ మిషన్ ఉన్నవాళ్లు కూడా పిలుస్తారు. ఆ మిషన్ కరెంటు తీగ తగిలించి ఇంజెక్టర్‌ని టకటకమనిపిస్తూ కడుగుతుంది. మనవాటికి కరెంటు తీగే ఉండదు, ప్రెషర్‌కే తెరుచుకుంటాయి. ఊరికే నీళ్లలో ముంచితే పైన మెరుస్తాయి కానీ లోపల శుభ్రపడవు.

ఇంట్లోనే చూసుకో. ఆరు గాజు సీసాలు, ఆరు ఇంజెక్టర్లు, పంపు ఆన్, పళ్లేన్ని వేలితో నెమ్మదిగా లేపు. ఆరింట్లోనూ పొగమంచులా సన్నగా చిమ్మాలి, ఆరు సీసాల్లో మట్టం ఇంచుమించు సమానంగా రావాలి. వదిలాక మూతి దగ్గర చుక్క పడకూడదు. ఇది ఆరుబయట చెయ్యి, బ్యాటరీ తీగలు ముందే గట్టిగా బిగించు, పక్కన మంట ఆర్పే సిలిండర్ ఉండాలి, సెల్‌ఫోన్ లోపల పెట్టు. నేనేమీ బెదిరించడానికి చెప్పడం లేదు.

సముద్రగాలి
మంట మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. రణస్థలం దాటాక నా స్నేహితుడి బండి నా కళ్ల ముందే కాలిపోయింది. ఇంజెక్షన్ బండికి మామూలు పెట్రోల్ పైపు వేశారు, కార్బురేటర్ బళ్లకి వేసేది. కార్బురేటర్‌కి పాయింట్ రెండో మూడో బార్ చాలు, ఇంజెక్షన్‌లో దానికి పది ఇరవై రెట్లు. పైపు క్లిప్పు దగ్గర చీలింది, వేడి మ్యానిఫోల్డ్ మీద చిమ్మింది. అందరూ దిగారు, దేవుడి దయ. పైపు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉందో లేదో చూసి కొనండి. ఆర్6, ఆర్7 కార్బురేటర్ పైపులు. క్లిప్పు కూడా అంచు మడిచినది వాడండి, పళ్ల క్లిప్పు రబ్బరుని కోసేస్తుంది.

కోటదగ్గర_280
ఇప్పుడే టార్చి వేసుకుని బండి కిందికి దూరి వచ్చాను. నాకు వేసినవాటిలో ఒక పైపు మీద ఏ అచ్చూ లేదు. రేపే మారుస్తున్నాను. చాలా థాంక్స్.

మహారాణిపేట_ఈసీయూ
ఆర్9లో లోపలి పొర ఫ్లోరో రబ్బరు, ఇథనాల్‌ని తట్టుకుంటుంది. ఇప్పుడు అందరికీ కావాల్సింది అదే. పాత నైట్రైల్ రబ్బరు ఓ-రింగులు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌లో ఉబ్బుతాయి, ఎండాక బీటలిస్తాయి.

డీజిల్_దొర
ఈ20 వచ్చింది 2023లో కదా, నలభై ఏళ్ల బండికి ఇంత కొద్ది కాలంలో అంత ముప్పా?

టెక్కలి_టీచరమ్మ
10 శాతం 2022కే దేశమంతా వచ్చేసింది. 20 శాతం 2023 ఫిబ్రవరిలో మొదలైంది, 2025కల్లా దాదాపు ఎక్కడ పోయించినా అదే. ఇథనాల్ గాలిలోని తేమని లాగుతుంది. నీళ్లు హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగున కూర్చుంటాయి. పంపు ముందు పీల్చేది ఆ అడుగునే. ఇక్కడ వర్షాకాలంలో మూడు నెలలు నిలబెట్టిన బండికి ఏమవుతుందో ఆలోచించండి.

మీ పెట్రోల్‌లో ఎంత ఉందో ఇంట్లోనే చూడొచ్చు. నేను కెమిస్ట్రీ చెబుతాను, ఈ ప్రయోగం నాకు ఇష్టం. కొలత గీతలున్న గాజు గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోల్, 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూసి, కలిపి, కాసేపు వదిలేయండి. ఇథనాల్ లేకపోతే అడుగున 10 దగ్గరే గీత ఉంటుంది. ఉంటే నీళ్లలోకి దిగిపోయి గీత పైకి జరుగుతుంది. పోయిన నెల నాకు అడుగు పొర 29 చూపించింది, అంటే 20కి దగ్గర. 'ప్రీమియం' అని రాసి ఉన్న పంపులో పట్టినా ఇంచుమించు అంతే వచ్చింది. ఆక్టేన్ వేరు, ఇథనాల్ వేరు.

సాలూరు_లారీ
టీచరమ్మ లాంటి మేడం మాకుంటే నేను కెమిస్ట్రీలో పాసయ్యేవాణ్ని 🙏

సముద్రగాలి
మాకు కళింగపట్నంలో ఉప్పుగాలి కూడా తోడు. 2018లో తిత్లీ తుపాను తర్వాత నా ఎస్టీమ్‌కి ప్రతి కనెక్టర్‌లో పచ్చటి తుప్పు వచ్చింది. రెండు నెలలు ఇంజెక్టర్లు, పంపు అనుకుంటూ తిరిగి చివరికి ఇంజిన్ ఎర్త్ తీగ తుప్పు గీకి బిగిస్తే బాగైంది. తీరంలో ఉండేవాళ్లు ఏడాదికోసారి ఎర్తులన్నీ విప్పి గీకి, బిగించి, పైన డైఎలక్ట్రిక్ గ్రీజు రాసుకోండి.

పద్మిని_బాబాయ్
ఈ20 నా కార్బురేటర్ గ్యాస్కెట్లనూ వదల్లేదు, అది మాత్రం ఒప్పుకుంటాను. సోలెక్స్ ఫ్లోట్ చాంబర్‌లో తెల్లటి పొడి పట్టింది. ఇందులో మనమంతా ఒక్కటే.

రాజాం_రెంచి
280 అన్నా, నా దగ్గర గేజీ ఉంది. 0 నుంచి 10 బార్ గేజీ కొని, పాత బాంజో బోల్టు (లోపల పెట్రోల్ దారి ఉన్న బోలు బోల్టు) లేత్ మేస్త్రికి చూపించి కొలతకి కొలత తీయించాను. డిస్ట్రిబ్యూటర్‌కీ వార్మప్ రెగ్యులేటర్‌కీ మధ్య పెట్టాలి, గేజీకీ రెగ్యులేటర్‌కీ నడుమ కుళాయి. కుళాయి మూస్తే సిస్టమ్ ప్రెషర్, తెరిస్తే కంట్రోల్ ప్రెషర్. ఆదివారం వస్తాను. రాగి వాషర్లు కొత్తవి తెచ్చి పెట్టు, విప్పిన ప్రతి చోటా కొత్తదే వేయాలి, పాతది తిప్పి వేస్తే కారుతుంది. బాబాయ్ నువ్వూ రా.

పద్మిని_బాబాయ్
వస్తా. కార్బురేటర్ ఒకటి సంచిలో పెట్టుకుని వస్తా 😄

నాగావళి_నాజిల్
ఆదివారం నాకు కుదరదు, ఫోన్‌లో ఉంటాను. వరస ఇది. ముందు చల్ల ఇంజిన్ మీద కంట్రోల్ ప్రెషర్ రాసుకోండి. ఇంజిన్ వేడెక్కాక మళ్లీ రాసుకోండి. కుళాయి మూసి సిస్టమ్ ప్రెషర్ రాయండి. కుళాయి తెరిచి ఇంజిన్ ఆపి, గడియారం పెట్టుకుని కూర్చోండి. రిటర్న్ పైపు విప్పి పంపు నడిపితే 40 సెకన్లలో లీటరు రావాలి, రాకపోతే ట్యాంకులో జాలీయో ఫిల్టరో మూసుకుపోయినట్టు. పంపు రిలే కూడా తీసి లోపలి సోల్డరింగ్ చూడండి, ఇన్నేళ్లకి బీటలిస్తుంది. ప్లంజర్ మాత్రం బయటికి తీయొద్దు. తీసి కింద పడేస్తే, గీత పడితే, అప్పుడు నిజంగానే ఆ గ్యారేజీ వాళ్లు చెప్పిన లక్షా అవుతుంది.

కోటదగ్గర_280
ఆదివారం నివేదిక.

పొద్దున్న ఏడుకి రెంచి తమ్ముడు, బాబాయ్, డీజిల్ దొర వచ్చారు. దొర 240డి వేసుకుని వచ్చాడు, రెండు డబ్ల్యూ123లు ఒకే వాకిట్లో నిలబడితే వీధి వీధంతా వచ్చింది. మా అత్తగారు ఉప్మా, అల్లం పచ్చడి చేశారు.

చల్లగా కంట్రోల్ ప్రెషర్ 1.4. పదిహేను నిమిషాలకి 3.6. సిస్టమ్ 5.2. రెంచి తమ్ముడు ముఖం వెలిగిపోయింది, 'అన్నా, డిస్ట్రిబ్యూటర్ నిక్షేపంగా ఉంది' అన్నాడు. లీటరు 31 సెకన్లలో నిండింది. రిలే సోల్డరింగ్‌లో ఒక బీట కనిపించింది, దాన్ని అక్కడే అతికించాడు.

తర్వాత ఇంజిన్ ఆపాం. ముల్లు 3 దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. నిమిషంన్నరలో సున్నా. నలుగురం గేజీ వైపే చూస్తూ ఉండిపోయాం.

నాగావళి_నాజిల్
దొరికింది. ఇప్పుడు ఎటు పోతోందో చూడండి. మళ్లీ స్టార్ట్ చేసి, ఆపిన క్షణంలో రిటర్న్ పైపు నున్నటి క్లాంపుతో నొక్కండి. నిలబడితే తప్పు డిస్ట్రిబ్యూటర్ పక్క రెగ్యులేటర్ ఓ-రింగ్‌ది. నిలబడకపోతే ఇంకోసారి స్టార్ట్ చేసి ఆపి, ట్యాంకు నుంచి పంపుకి వచ్చే లావు పైపు నొక్కండి. అప్పుడు నిలబడితే చెక్ వాల్వు. అక్యుమ్యులేటర్ వెనక నుంచి వచ్చే సన్న పైపు విప్పి చూడండి, అందులోంచి పెట్రోల్ వస్తే లోపలి పొర చిరిగినట్టే.

కోటదగ్గర_280
చేశాం. రిటర్న్ నొక్కితే మార్పు లేదు. అక్యుమ్యులేటర్ వెనక పైపు పొడిగా ఉంది. లావు పైపు నొక్కితే 2.9 దగ్గర నిలబడింది! ఇరవై నిమిషాలు ఉప్మా తిని వచ్చి చూస్తే 2.7.

అంటే చెక్ వాల్వు. కానీ పంపు కొత్తదే కదా?

బొబ్బిలి_జిప్సీ
పంపు కొత్తదే, వాల్వు కొత్తదా? చెక్ వాల్వు పంపు మూతికి విడిగా బిగించేది. కొన్ని పంపులు వాల్వు లేకుండా వస్తాయి, పాతది విప్పి కొత్త పంపుకి బిగించేస్తారు. నీ మొదటి పోస్టులో పంపు మార్పించానని చదివినప్పుడే అడగాల్సింది.

కోటదగ్గర_280
రెంచి తమ్ముడు కింద పడుకుని చూసి అదే అన్నాడు. పంపు మెరుస్తోంది, దాని మూతి మీద వాల్వు నల్లగా, పాత పాన గీతలతో ఉంది. 1983ది అయినా ఆశ్చర్యపోను. ఆరేళ్లు అదే పాత పెట్రోల్‌లో నిలబడింది.

నాగావళి_నాజిల్
లోపల చిన్న గోళీ, స్ప్రింగు. నిలబెట్టిన పెట్రోల్ జిగురై గోళీ కూర్చునే చోట పట్టేస్తుంది. కడిగితే కొన్నాళ్లు పని చేయవచ్చు, కానీ కొత్తదే వేయి. వెతికేటప్పుడు పంపు మీద బాష్ నంబరు రాసుకుని దానికి సరిపోయే వాల్వు అడుగు, మర పొడవు తేడా ఉంటుంది.

వాల్వు వచ్చేలోగా ఇంజెక్టర్ల కింది రబ్బర్లు కూడా చూసుకో. గట్టిపడితే ఆ సందుల్లోంచి దొంగగాలి లోపలికి పోతుంది. ఆ గాలి పళ్లేన్ని దాటి రాలేదు కాబట్టి దానికి పెట్రోల్ రాదు, లీన్ అయి స్లోలో వణుకుతుంది. నీ బండి లేచాక నిమిషం మిస్సింగ్ కొట్టేది ఆవిరి వల్లే, కానీ రబ్బర్లకీ నలభై ఏళ్లు.

మహారాణిపేట_ఈసీయూ
నేను ఈసీయూ పెట్టమన్నాను కానీ అది పెట్టినా ఈ చెక్ వాల్వు ఇలాగే ఉంటే వేడి మీద స్టార్ట్ అవ్వడానికి అప్పుడూ ఇబ్బందే ఉండేది. గేజీ ముందు అన్న మాట నాకు బాగా ఎక్కింది.

కోటదగ్గర_280
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. వాల్వు ముంబై నుంచి వచ్చింది, వాషర్లతో కలిపి రెండు వేల లోపే. ఇంజెక్టర్ రబ్బర్లు ఆరూ మార్చాను, పాతవి వేళ్ల మధ్య నొక్కితే బిస్కెట్ల్లా విరిగాయి. ఇంజిన్ ఆపాక గేజీ 3 దగ్గర నిలబడింది, అరగంటకి 2.6.

నిన్న ఆదివారం అత్తగారిని అరసవల్లి తీసుకెళ్లాను. మిట్టమధ్యాహ్నం, దర్శనం ముగిసి వచ్చేసరికి బండి పొయ్యి మీద పెనంలా ఉంది. కీ తిప్పాను. ఒక్క తిప్పుకే లేచింది. ఆవిడ వెనక సీట్లో కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రణస్థలం దాటాక 'ఆయన ఇంజిన్ ఆపేముందు ఒక్కసారి రేజ్ చేసేవారు, నువ్వూ అలాగే చెయ్యి' అన్నారు. చేశాను.

డీజిల్_దొర
బాబాయ్ సంచిలో కార్బురేటర్ ఏమైంది?

పద్మిని_బాబాయ్
విప్పలేదు. ఆ గేజీ ముల్లు నిలబడడం చూశాక ఒక మాట ఒప్పుకోవాలి, ఆ ఇంజిన్‌కి అదే ఉండాలి. ఉప్మా కూడా బాగుంది.

సాలూరు_లారీ
పార్వతీపురంలో మా బావమరిది దగ్గర 280ఇ లాంటిదే ఒకటి ఉంది, 230ఇ. వేడి మీద కాదు, చలి మీద లేవడం లేదు. గేజీ ఎవరి దగ్గరుంది?

రాజాం_రెంచి
నా దగ్గరే ఉంది. శనివారం పంపిస్తాను. ఈలోపు వార్మప్ రెగ్యులేటర్ ప్లగ్గులో కరెంటు, చలి స్టార్ట్ వాల్వు చిమ్ముతోందా అన్నవి చూసి పెట్టమను. స్క్రూ తిప్పొద్దని గట్టిగా చెప్పు.

సాలూరు_లారీ
తిప్పేశాడు. ఎన్ని చుట్లో రాసుకోమని చెప్పాను, రాసుకున్నాడు.

నాగావళి_నాజిల్
రాసుకున్నాడు, అది చాలు. అన్ని చుట్లూ వెనక్కి తిప్పించి నాకు ఫోన్ చేయించు.